ఏడో బాయిలో తలకొలతలు

సోమవారం. మీద ఎండ. ఫోను పనిచేస్తోంది.

ఈ దినచర్య రోజూ రాయాలని పైనుంచి హుకుం. పైనుంచి అని అలవాటుగా అంటాం గానీ పైన ఎండ తప్ప ఎవరూ లేరు. హుకుం ఇచ్చిన గుట్ట ఆస్పత్రి వాళ్లూ మాలాగే నేల లోపలే బతుకుతున్నారు. వాళ్లది గ్రానైటు, మాది బొగ్గు, అంతే తేడా. వాళ్ల గోడలు తెల్లగా ఉంటాయట. మాది పాత బొగ్గుబాయి, ఏడో నంబరుది. బొగ్గు తీయడం ఆగిపోయిన చోట మా తాతలు మంచాలు వేసుకున్నారు. మేం అక్కడే పుట్టాం, అక్కడే దగ్గుతున్నాం.

నా పేరు సుగుణ. పసిపిల్లల తలలు చూడటం నా పని. ఫోను పట్టుకుని తిరుగుతాను కాబట్టి అందరికీ ఫోనక్కను. ఈ ఫోను వయసులో నాకంటే పెద్దది. కొత్తవి చేసేవాళ్లు లేరు, ఉన్నవాటినే అతుకులేసి వాడుకుంటున్నాం. అద్దం పగిలిన చోట టేపు. లోపలి బ్యాటరీ ఉబ్బిపోతే పీకేసి, టోపీలైటు బ్యాటరీకి వైరు కలిపి నడుముకి కట్టుకున్నాను. సాయంత్రానికి నడుము నాది కాదు. ఫోనక్క అనే బదులు బ్యాటరీ అక్క అని పిలిస్తే కాస్త న్యాయంగా ఉండేది.

పని ఇలా ఉంటుంది. తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని మెడ పట్టుకుంటుంది. నేను ఫోనుతో తల చుట్టూ ఒక చుట్టు తిరుగుతాను. ఫోను ఆ తలకి బొమ్మ కట్టి, అటు సగాన్నీ ఇటు సగాన్నీ పోల్చి చూస్తుంది. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల వెనక చదునైన తలైతే బెంగ లేదు, ఆవాల దిండు పెడితే గుండ్రపడుతుంది. తల ఎముకల మధ్య అతుకు ముందే మూసుకుపోయి తల వంకర తిరిగితే మాత్రం కోసి తెరవాలి. మూడు నాలుగు నెలల లోపైతే చిన్న కోత. దాటితే పుర్రె విప్పాలి, అది చేయగలవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఎముక చోటివ్వదు, మెదడు పెరగడం మానదు, ముందు కళ్లు పోతాయి.

ఫోనులో ఒకావిడ మాట్లాడుతుంది. ఏ కాలం మనిషో పాపం. “శిశువు శిరస్సును నిలకడగా ఉంచండి” అంటుంది. “చుక్కను గుర్తించాను” అంటుంది. ఆపైన పచ్చ వెలుగైతే “ఆకృతి సహజంగా ఉన్నది”, ఎర్ర వెలుగైతే “నిపుణులను సంప్రదించండి”. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ తల్లులు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటారు. మూడో లెవెల్లో అల్లరి పిల్లల్ని ఇప్పుడు “నీ శిరస్సు పగులుతది” అని తిడుతున్నారు. మేం సాధించిన అభివృద్ధి ఇది.

ఈరోజు అన్నీ పచ్చలే.

బుధవారం. మీద మబ్బు.

మూడో లెవెల్. స్వరూప కొడుకు. మళ్లీ.

స్వరూప భర్త సంపత్ నీటి పంపుల దగ్గర పనిచేస్తాడు, ఇంటికి వచ్చేది నిద్రకే. ఇంట్లో స్వరూప, మూడో నెల నడుస్తున్న కొడుకు, అత్త లచ్చవ్వ. పక్క గదిలో లచ్చవ్వ కూతురు రజిత, రజిత కొడుకు. ఇద్దరు పిల్లలూ వారం తేడాలో పుట్టారు. పిల్లలిద్దరికీ నీళ్లు పోసేది లచ్చవ్వే. నిజానికి ఆ లెవెల్లో అందరి పిల్లలకీ ఆవిడే పోస్తుంది. నీళ్లు కాగేది ఒక్క తపేలా కాబట్టి మొదటి స్నానం ఎవరిదని వదినా మరదళ్లకి పంచాయితీ. ఆ పంచాయితీ ముదిరి ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. చెప్పాల్సిందంతా నాతో చెబుతున్నట్టు చెప్పుకుంటారు. మధ్యలో నేనొక గోడని.

“అక్కా, ఈ టోపీ సూడు,” అంది స్వరూప. “ఎంత సక్కగ పెట్టినా ఎడమ దిక్కుకే జారుతది. నేనే అల్లిన, కొలత తప్పలే.”

గుమ్మంలోంచి రజిత అందుకుంది. “ఫోనక్కా, తల మంచిగనే ఉన్నదట, అల్లికనే వంకరట అని జెప్పు మా వదినకు. మావోన్ని సూసి నేర్సుకోమను, నిమ్మకాయ లెక్క గుండ్రంగ ఉన్నడు.”

స్వరూప ఆ మాట విననట్టే ఉంది. “పండుకున్నప్పుడు ఒక కన్ను పెద్దగ కనబడుతదక్కా. నేను పొద్దంతా గదే సూస్త.”

తిరిగాను. శిరస్సు, చుక్క, సహజం. పచ్చ. రజిత కొడుక్కీ పచ్చే. రజిత నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. స్వరూప టోపీ సరిచేసి మళ్లీ పెట్టింది. నేను ఫోను సర్దుకునేలోపు అది జారింది.

స్వరూపకి ఇది రెండో కాన్పు. మొదటిది ఆడపిల్ల, పుట్టిన వారానికే పోయింది. అప్పటినుంచీ ఈవిడ భయపడితే ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

శుక్రవారం. మీద ముసురు.

ముసురు పట్టింది. బాయి మూతి దగ్గర కాపలావాళ్లు కిందికి వార్త పంపితే అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని ఊరికే నవ్వాం. ఏడాది మొత్తంలో పైన బండి నడిచేది ఈ కొద్ది తడి రోజుల్లోనే. ముసురు తగ్గిందంటే మళ్లీ టైర్లు కరిగే ఎండ. పంపాల్సిన రోగుల్ని ఇప్పుడే పంపాలి, లేకపోతే వచ్చే ఏడు.

బాయిలకీ గుట్టకీ మధ్య మాట్లాడుకోడానికి వేసిన తీగ మీద డాక్టర్ తాహెరా మాట్లాడింది. గుట్ట ఆస్పత్రిలో పసితలలకి కోత పెట్టేది ఆవిడ ఒక్కతే. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు. నా గొంతుకంటే అలిసిపోయి ఉంటుంది.

“సుగుణా, ఎరుపులున్నాయా?”

“లేవు మేడం. ఒక తల్లి మాత్రం చాలా బెంగపడుతోంది. తల వంకర అంటోంది.”

“ఫోను ఏమంది?”

“పచ్చే.”

“పచ్చ వస్తే నేను సీటివ్వలేనమ్మా. పోయిన ముసురులో భయపడినవాళ్లందరికీ ఇచ్చాను. బండి నిండిపోయి, నిజంగా రావాల్సిన బిడ్డ అయిదో బాయిలో ఉండిపోయింది. ఆ పిల్లకి ఇప్పుడు చూపు లేదు. ఎరుపు చూపించు, సీటిస్తాను. నన్ను ఇంకేమీ అడగొద్దు.”

అడగలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను.

ఆదివారం. ముసురు. ఫోను రెండుసార్లు ఆగి వెలిగింది.

స్వరూప నీళ్ల కుళాయి దగ్గర కాపు కాసి నన్ను పట్టుకుంది. వరసలో ఉన్నవాళ్ల ముందే పిల్లాణ్ని నా చేతుల్లోకి తోసింది. ఇప్పుడే చూడమంది, ఇక్కడే చూడమంది. చూశాను. పచ్చ. ఇంకోసారి అంది. పచ్చ. ఇంకోసారి అంది. అప్పుడు విసుక్కున్నాను.

“ఎన్నిసార్లు తిప్పినా అదే వస్తుంది స్వరూపా. నీ ఒక్కదాని కొడుకే కాదు, ఇంకా రెండు లెవెళ్లు తిరగాలి నేను. ఫోనుకి నీమీద పగుందా?”

ఆమె పిల్లాణ్ని తీసుకుని, బిందె అక్కడే మరిచి వెళ్లిపోయింది. వరసలో ముందుకు జరిగినవాళ్లు ఆ బిందెను కాలితో పక్కకి నెట్టారు. దాన్ని నింపి నేనే మోసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చాను. నడుముకి బ్యాటరీ, చంకలో బిందె, ఒంట్లో చిరాకు. ఇలాంటి రోజు ఫోను చచ్చిపోతే బాగుండునని అనిపిస్తుంది.

మంగళవారం. ముసురు పలచబడుతోంది.

పొద్దున పెద్ద ఫ్యాను ఆగింది. బెల్టు తెగిందట. ఫ్యాను ఆగితే ఏడో బాయిలో ఎవరూ నడవకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఉన్నచోటే కూర్చుని ఉన్న గాలిని పొదుపుగా పీల్చాలి. నేను లచ్చవ్వ గుమ్మం ముందు చిక్కుకుపోయాను. లోపలికి రమ్మని సైగ చేసిందావిడ. అప్పుడే స్వరూప కొడుక్కి నీళ్లు పోస్తోంది.

నేను ఎప్పుడూ స్నానాలయ్యాకే వెళతాను. తడి పిల్లల మీద ఫోను పనిచేయదు. కాబట్టి ఇన్నేళ్లలో ఒక పిల్లవాడికి నీళ్లు పోస్తుంటే దగ్గర కూర్చుని చూడటం ఇదే మొదటిసారి. లచ్చవ్వ కాళ్లు చాపుకుని, పిల్లాణ్ని కాళ్లమీద బోర్లా వేసి, వెల్లకిలా తిప్పి, నూనె చేత్తో ముక్కు నిలబెట్టింది, తల నిమిరింది. బాయిలో సాంబ్రాణి పొగ వేయనివ్వరు కాబట్టి బల్బు మీద వెచ్చబెట్టిన గుడ్డతో తల తుడిచింది. తుడిచి నా వైపు తిప్పింది.

బొట్టు లేని ముఖం.

ఎడమ నుదురు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఎడమ కనుబొమ్మ పైకి లాగినట్టుంది. ముక్కు మొదలు పక్కకి జరిగింది. దీపం నీడేమోనని నేను జరిగి కూర్చుని చూశాను. నీడ కాదు.

ఈలోపు లచ్చవ్వ కాటుక వేలితో తీసి బొట్టు పెట్టింది. పెట్టి, తల వెనక్కి వంచి చూసి, ఇంకాస్త కుడివైపుకి దిద్దింది. ముక్కుకి సూటిగా కాదు, నుదురు ఎక్కడ నిండుగా ఉందో అక్కడ. నా కళ్ల ముందే ఆ ముఖం చక్కబడింది. చక్కటి పిల్లాడు నన్ను చూసి నవ్వాడు.

ఫోనులో ఆవిడ గుర్తించేది ఈ చుక్కనే. తలకి నడుమ ఎక్కడో తెలియడానికి ముక్కు మొదట్లో అంటించమని అప్పట్లో నల్ల స్టిక్కర్లు ఇచ్చేవాళ్లట. అవి నేను రాకముందే అయిపోయాయి. పిల్లలందరికీ ఎలాగూ నుదుట నల్లబొట్టు ఉంటుంది, ఫోను దాన్ని చూసి తృప్తిపడుతుంది, స్టిక్కరు ఊసు అందరూ మరిచిపోయారు. ఆ బొట్టు దగ్గరినుంచే ఫోను అటు సగం ఇటు సగం పంచుకుంటోంది. లచ్చవ్వ మనవడి ముఖం చక్కగా కనబడాలని పెట్టిన చోటునుంచి పంచితే రెండు సగాలూ సమానంగానే వస్తాయి మరి.

ఫ్యాను తిరగడం మొదలవగానే లచ్చవ్వకీ, మూలన కూర్చున్న స్వరూపకీ చెప్పాను.

“తుడుస్త,” అని స్వరూప కొంగు తీసింది. “ఇప్పుడే తుడుస్త, తియ్యి అక్కా ఫోటో.”

లచ్చవ్వ ఆమె చేయి పట్టుకుంది. “పిసదానివా? బోడి నొసలుతోని ఫోటో దియ్యిస్తవా? ఎవలకు దీస్తరే గట్ల?”

ఎవరికి తీస్తారో మాకు ముగ్గురికీ తెలుసు. ఏడో బాయిలో పసిబిడ్డ పోతే రేషనులోంచి పేరు తీసేయడానికి ఫోటో తీస్తారు. బొట్టు తుడిచి తీస్తారు. స్వరూప మొదటి బిడ్డకి ఈ ఫోనుతోనే నేనే తీశాను.

బొట్టు ఉంచి, ముక్కు మొదట్లో మసితో ఇంకో చుక్క పెడదామన్నాను. పెట్టి తిరిగాను. “రెండు చుక్కలు కనిపిస్తున్నవి. దయచేసి ఒకటి తొలగించండి,” అంది ఫోనులో ఆవిడ, ఎంతో మర్యాదగా. కుంకుమతో కప్పి చూశాం. కింది నల్లదనం కనబడుతూనే ఉంది, ఆవిడ మళ్లీ అదే మాట అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. లచ్చవ్వ పిల్లాణ్ని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగింది.

“ఒక్కసారి పోయినదాన్ని సూసిన. మల్ల సూడ. నువ్వు పో సుగుణా.”

బుధవారం. ముసురు ఆగి ఆగి పడుతోంది. రేపు ఆఖరి బండి అంటున్నారు.

వెళ్లేసరికి అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరూ నిద్రపోయినట్టు లేదు. పిల్లాడు మధ్యలో చాప మీద కాళ్లు ఆడిస్తున్నాడు.

“నేను బతిమాల అత్తమ్మా,” అంటోంది స్వరూప. “పెద్దది పోయినప్పుడు దాని బొట్టు నువ్వే తుడిసినవు. నాకు చేతులు రాలే. ఇప్పుడు వీడు ఉండంగనే తుడువు. బతకనీకి తుడువు.”

లచ్చవ్వ కొంగు అంచు నాలిక మీద తడుపుకుని, పిల్లాణ్ని కాళ్లమీదికి తీసుకుని, మెల్లగా, వేలుతో గుండ్రంగా, బొట్టు తుడిచేసింది. అద్దం తుడిచినంత శుభ్రంగా తుడిచింది. తుడిచి, రోజూ బొట్టు పెట్టాక చూసినట్టే తల వెనక్కి వంచి చూసింది.

“ఇదేంది,” అంది. “ఇదేంది బిడ్డా, మొఖం ఇట్లున్నది?”

పిల్లాడి నొక్కుకుపోయిన నుదురు వేలితో తడిమింది.

“సక్కగ కనబడాలని పెట్టిన. ఎక్కడ పెడితే ముద్దుగుంటడో అక్కడ పెట్టిన. నేను పెట్టిన చుక్కే అడ్డమైందా?”

“నీ చేతి తప్పు కాదు పెద్దమ్మా,” అన్నాను. “నీ చేయి మంచిది, అక్కడే వచ్చింది చిక్కు.” ఇంతకంటే మంచి మాట తట్టలేదు నాకు.

ముక్కు మొదట్లో మసితో సన్నగా చుక్క పెట్టాను. స్వరూప మెడ పట్టుకుంది. తిరిగాను. పిల్లాడు తల కదిపితే మొదటిసారి వద్దంది ఫోను. రెండోసారి తిరిగాను. ఎరుపు.

“నిపుణులను సంప్రదించండి.”

స్వరూప ఎర్ర వెలుగును చూసి ఏడుస్తూ నవ్వింది. కొడుక్కి జబ్బుందని తేలినందుకు ఒక తల్లి నా మెడ చుట్టూ చేతులేసి ముద్దు పెట్టుకుంది. ఈ ఉద్యోగంలో ఇది కూడా చూశాను.

తీగ మీద తాహెరాకి చెప్పాను. బొట్టు సంగతీ చెప్పాను. “చుక్క అంటే స్టిక్కరే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ,” అందావిడ. “మా ఇంట్లో బొట్టు పెట్టరు కదా సుగుణా, నాకు తట్టనే లేదు. మిగతా బాయిలకి నేను చెబుతాను. నువ్వు అందర్నీ మళ్లీ చూడు. ఈ బిడ్డకి సీటు రాశాను, తోడు ఒక్క మనిషి. ఇంకో మాట. ఇది కొన్ని ఇళ్లల్లో రక్తంలో వస్తుంది. వాళ్ల దగ్గరివాళ్ల పిల్లలెవరైనా ఉంటే ముందు వాళ్లని చూడు.”

రజిత నన్నూ లచ్చవ్వనూ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. “మావోనికేం లేదక్కా. పోయిన బుధారం గూడ పచ్చనే అన్నవు. వదిన కొడుక్కు వంకరుంటే మా ఇంటి మీదికి తెస్తరా? పోండి, నేను నొసలు తుడువ.”

లచ్చవ్వ కూతురి వైపు చూసింది. “వానికి గూడ నేనే పెడుతున్న బిడ్డా,” అంది. “ముక్కుకు సక్కగ పెట్టలే. నాకిప్పుడు యాదికొస్తున్నది.”

రజిత తలుపు వేసుకుంది. నాకు ఇంకొకరిని బతిమాలే ఓపిక లేదు. మెట్లమీద కూర్చుని కాసేపు ఊరికే ఉన్నాను. తర్వాత నాలుగో లెవెల్‌కి పోయి ఒప్పుకున్న తల్లుల పిల్లల బొట్లు తుడిపించి చూశాను. అన్నీ పచ్చ.

గురువారం. మీద తుంపర. ఆఖరి బండి.

పొద్దున కేజ్‌లో పైకి వెళ్లాం, నేను, స్వరూప, లచ్చవ్వ. కేజ్ అంటే మనుషుల్ని ఎక్కించి దింపే ఇనుప గది. దాని తలుపు తీయగానే స్వరూప కళ్లు మూసుకుంది. అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. వెలుగు అంటే ఏముంది, బూడిదరంగు మబ్బు. చినుకు పడితే పిల్లాడు ఉలిక్కిపడి నాలిక చాపాడు.

ఆస్పత్రి బండి అక్కడే ఉంది, తెల్లగా, కిటికీలు లేకుండా. లోపల వేరే బాయిల వాళ్లు ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. మిగిలింది ఒక్క సీటు. స్వరూప ఎక్కింది. కొడుకు ముఖం మీద తన నీడ పడేలా వంగి కూర్చుంది. నేను ఇక బాయిలోకి దిగిపోవచ్చనుకున్నాను. నడుము విరిగిపోతోంది.

కేజ్ మళ్లీ పైకి వచ్చింది. రజిత పరుగెత్తుకొచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, కొడుకుని రెండు చేతుల్తో ముందుకు చాపి తెచ్చింది. పిల్లాడి నుదురు ఎర్రగా కందిపోయి ఉంది, అంత గట్టిగా తుడిచింది.

“సూడక్కా,” అంది. “సూడు. నాకు కనబడ్డది. నాకు గూడ కనబడ్డది.”

మసి లేదు. బండి టైరు మీద నల్లదనం వేలితో తీసి చుక్క పెట్టాను. తిరిగాను. ఎరుపు.

డ్రైవరు ఆకాశం వైపు చూశాడు. “ఒక్క సీటమ్మా. ఒళ్లె ఎంతమంది పసోళ్లుంటే నాకేంది, పెద్ద మనిషి మాత్రం ఒక్కరే. లోపట చల్లగాలి ఎందరికి సరిపోతదో గా లెక్క మీదనే సీట్లిచ్చిన్రు. ఎండ రాకముందు గుట్ట ఎక్కాలె, జల్ది చెప్పుండ్రి.”

అందరూ నా వైపు చూశారు. ఎందుకంటే ఫోను నా చేతిలో ఉంది. ఇద్దర్లో ఒకరిని నన్ను ఎంచమంటారేమో. ఎంచలేను. ఎంచమంటే ఫోను నేలకేసి కొడతాననుకున్నాను.

స్వరూప బండిలోంచి దిగింది.

“రజితా, నువ్వెక్కు.”

“నేనా?”

“నీకు పాలు మస్తుగున్నయి. ఇద్దరికి సరిపోతయి. నావి వీనికొక్కనికే సాల్తలేవు. నేను పోతే ఇద్దర్ల ఒకడు పస్తుంటడు. ఎక్కు.”

రజిత కదల్లేదు. “వదినా, నీ కొడుకును నా ఒళ్లె పెడ్తవా? నేను గన్ని మాటలన్నంక?”

“గా మాటల సంగతి నువ్వు వచ్చినంక మాట్లాడుకుందాం. ఎక్కవే, ఎండొస్తది.”

రజితను తనే చేయి పట్టి ఎక్కించింది. ముందు రజిత కొడుకుని ఒక మోకాలిమీద సర్దింది. తర్వాత తన కొడుకుని రెండో మోకాలిమీద పెట్టింది. పెట్టాక చేతులు తీయలేదు. పిల్లాడి కాలు పట్టుకునే మాట్లాడింది.

“కుడి దిక్కు తాగడు, మెడ తిరగదు. ఎడమ దిక్కే పట్టియ్యి. కక్కితే భయపడకు, వీపు నిమురు. ఇంకా పేరు వెట్టలే, నాన్నా అంటే సూస్తడు. లోపటికి తీస్కపోయేటప్పుడు నాన్నా అని పిలువు. వానికి నా గొంతో నీ గొంతో ఎరుక గాదు.”

“పిలుస్త వదినా,” అంది రజిత.

తలుపు వేశారు. బండి తడి మట్టిలో జారి, సర్దుకుని, వెళ్లిపోయింది. లచ్చవ్వ ఇద్దరు మనవళ్లూ ఉన్న ఆ బండి వైపు చేతులు జోడించి నిలబడింది. నేను ఏడ్చాను. తల్లులు ఏడుస్తుంటే చూసి చూసి నాకు ఏడుపు రావడం మానేసిందనుకున్నాను ఇన్నాళ్లూ.

కేజ్ దిగుతుంటే స్వరూప జాకెట్టు తడిసింది. ఒక్కడికే చాలవన్న పాలు, ఆ ఒక్కడు లేకపోయినా ఆగలేదు. కొంగు కప్పుకుని, “వాడు తాగే యాళ్ల అయింది,” అంది, ఎవరితోనూ కాదు.

కింద మూడో లెవెల్ తల్లులందరూ పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడి ఉన్నారు. రజిత పరుగు అందరూ చూశారు. ఎవరూ చెప్పకుండానే అందరూ పిల్లల నొసళ్లు తుడిచేసుకుని వచ్చారు. వరస చివర ఒక పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. దాని తల్లి ఫ్యాను దగ్గర డ్యూటీలో ఉంటే మేనత్త ఎత్తుకొచ్చిందట, ఆకలికి ఎంత ఊపినా ఊరుకోవడం లేదట.

నేను బ్యాటరీ మార్చుకుని ఫోను వెలిగించాను. స్వరూప వరస చివరిదాకా నడిచి వెళ్లి, గోడకి ఆనుకుని కూర్చుని, చేతులు చాపింది.

“ఇటియ్యి,” అంది.